దూకే ఆటలో నిలబడే పని: క్రాక్‌డౌన్ 2 ఎక్కడ దారి తప్పింది?

మీరు వీధిలో నిలబడి ఉంటారు. పైనెక్కడి నుంచో సన్నగా గుయ్‌మనే చప్పుడు. తలెత్తి చూస్తే నాలుగంతస్తుల మీద, పిట్టగోడ అంచున, ఆకుపచ్చగా వెలుగుతున్న గోళం ఒకటి. కిటికీ అంచు పట్టుకుని ఒక గెంతు, సజ్జా మీంచి ఇంకో గెంతు, పిట్టగోడ ఎక్కేస్తే గోళం చేతికొస్తుంది. ఈలోపు పక్క మేడ మీద ఇంకోటి కనబడుతుంది. దాని అవతల మరోటి. అసలు మిషన్ సంగతి కాసేపాగి చూద్దాంలే అనుకుంటారు. గంటన్నర గడిచిపోతుంది.

2007లో ఎక్స్‌బాక్స్ 360 మీద వచ్చిన క్రాక్‌డౌన్ గురించి ఎవరిని అడిగినా ముందు ఈ గోళాల సంగతే చెబుతారు. గేమ్‌లో వాటి పేరు ఆర్బ్‌లు. మూడేళ్ల తర్వాత, 2010 జులైలో సీక్వెల్ వచ్చింది. అవే ఆర్బ్‌లు, అదే చప్పుడు, అదే నగరం. ఇద్దరికి బదులు నలుగురు కలిసి ఆడొచ్చు. రెక్కల సూట్ వేసుకుని గాల్లో తేలొచ్చు. హెలికాప్టర్ నడపొచ్చు. కాగితం మీద రాసుకుని చూస్తే అన్నీ పెరిగినవే, తగ్గిందేమీ లేదు. అయినా విమర్శకుల మార్కులన్నీ కలిపి సగటు వేసే మెటాక్రిటిక్‌లో మొదటిదానికి వందకి 83 పడితే రెండోదానికి 70 పడింది.

70 అంటే ఘోరమైన మార్కు కాదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. చెడ్డ ఆటైతే మర్నాటికి మరిచిపోతాం. నిరాశపరిచిన ఆట అలా కాదు, మనకు నచ్చినవన్నీ అందులోనూ ఉంటాయి. ఉండీ, ఎందుకో పనిచేయవు. ఆ ‘ఎందుకో’కి ఎక్కువమంది చెప్పే జవాబు ఒక్కటే: అదే నగరాన్ని మళ్లీ అమ్మారు. నా ఉద్దేశంలో అది సగం నిజం మాత్రమే, అదీ చిన్న సగం. మిగతా సగం చూడాలంటే ముందు మొదటి ఆటను విప్పి చూడాలి.

మొదటిదాంట్లో నిజంగా ఏముంది

పసిఫిక్ సిటీ ఒక కల్పిత నగరం. మూడు దీవులు, దీవికో ముఠా. లా ముగ్రేలో లాస్ మ్యూర్టోస్, ది డెన్‌లో వోల్క్, ది కారిడార్‌లో షై-జెన్. వాళ్లను తుడిచిపెట్టడానికి ఏజెన్సీ అనే సంస్థ తయారుచేసిన అతిమానుషుడు మీరు. మీకు పేరు లేదు, గతం లేదు, నోట్లోంచి ఒక్క మాట రాదు. మీ బదులు ఏజెన్సీ గొంతు ఒకటి చెవిలో అదేపనిగా మాట్లాడుతూనే ఉంటుంది. కాసేపు మెచ్చుకుంటుంది, కాసేపు వెక్కిరిస్తుంది.

శక్తులు ఐదు: చురుకుదనం, బలం, తుపాకీ గురి, పేలుడు పదార్థాలు, డ్రైవింగ్. ఏది వాడితే అదే పెరుగుతుంది. చురుకుదనానికి మాత్రం ఆర్బ్‌లు ఏరుకోవాలి. మేడల మీద అవి 500 ఉంటాయి. ఇవి కాక మూలమూలల్లో దాచినవి 300. ఎంత ఎత్తులో ఉన్న ఆర్బ్ అయితే అంత ఎక్కువ పాయింట్లు. మొదట్లో మామూలు గోడ దూకడానికి కూడా తంటాలు పడే మనిషి చివరికి మేడ మీంచి మేడ మీదకి ఒక్క ఊపులో వెళ్లిపోతాడు. ఈ ఎదుగుదల మెనూలో అంకెగా కనిపించి ఊరుకోదు, కాళ్లలో తెలుస్తుంది. నిన్న అందని అంచు ఇవాళ అందుతుంది. సూపర్‌హీరో ఆటల్లో దీనంత సూటిగా పనిచేసిన ఏర్పాటు మరొకటి నాకు గుర్తు రావడం లేదు.

అందరికీ గుర్తున్న భాగం ఇదే. గుర్తు లేనిది అసలు సంగతి.

ముఠాకు ఏడుగురు చొప్పున మొత్తం 21 మంది నాయకులు. ఒక్కొక్కరికీ ఒక్కో బాధ్యత. ఒకడు కొత్తవాళ్లను ముఠాలో చేర్చుకుంటాడు, ఒకడు ఆయుధాలు తెప్పిస్తాడు, ఒకడు బండ్లు చూసుకుంటాడు. ఆయుధాలవాణ్ణి లేపేస్తే ఆ ముఠా చేతిలో మంచి తుపాకులు తగ్గిపోతాయి. మనుషులను చేర్చుకునేవాడు పోతే పెద్దబాస్ చుట్టూ కాపలా పలచబడుతుంది. ఫలానావాణ్ణి ముందు చంపాలి, ఫలానావాణ్ణి తర్వాత చంపాలి అనే రూలేమీ లేదు. ఆట మొదలైన కాసేపటికే నేరుగా పెద్దతలకాయ మీదకి పోతానన్నా ఎవరూ ఆపరు. గెలిచే అవకాశం ఎంత శాతమో ఏజెన్సీ ముందే చెప్పి ఊరుకుంటుంది. కింది నాయకులు ఒక్కొక్కరే రాలుతుంటే ఆ శాతం పెరుగుతూ పోతుంది.

నాయకులందరూ ఉండేది కోటల్లాంటి చోట్ల. ముందు గేటు దగ్గర తుపాకులు గుంపుగా కాచుకుని ఉంటాయి. వెనక గోడ ఎక్కితే కాపలా ఒకరిద్దరే. అంతకన్నా పైనుంచి, పక్క భవనం కప్పు మీంచి దూకితే నేరుగా వాడి నెత్తినే దిగొచ్చు. కానీ ఆ దూరం దూకాలంటే చురుకుదనం చాలాలి. చాలదు. అయితే ఇంకో నలభై ఆర్బ్‌లు ఏరుకొద్దాం.

చూశారా, ఇప్పుడు ఆర్బ్ ఏరడానికి ఒక కారణం పుట్టింది. ఆర్బ్ దూకే బలాన్నిస్తుంది. ఆ బలం కొత్త దారి చూపిస్తుంది. ఆ దారి నాయకుడి దగ్గరికి చేరుస్తుంది. నాయకుడు పడితే ముఠా బలహీనపడుతుంది, తర్వాతి కోటకు ధైర్యం వస్తుంది. ఈ గొలుసులో ఆర్బ్ ఒక లింకు. మనసుకి బాగా అంటుకునే లింకు కాబట్టి ఆటంతా అదేననిపిస్తుంది.

చివర్లో ఒక మలుపు కూడా ఉంది. ఇంత పాత ఆట గురించి దాచేదేమీ లేదు కాబట్టి చెప్పేస్తాను. ఆ ముఠాలను అంతగా ఎదగనిచ్చింది ఏజెన్సీయే. ఊరు అల్లకల్లోలమైతే జనమే వచ్చి, ఏజెన్సీ పెత్తనం మాకు కావాలని అడుగుతారన్నది దాని లెక్క. అంటే ఇన్ని గంటలూ మీరు చేసింది ఊరిని కాపాడటం కాదు, ఊరిని ఒకరికి అప్పగించడం.

డండీలో జరిగిన కథ

క్రాక్‌డౌన్‌ను చేసింది స్కాట్లండ్‌లోని డండీలో ఉన్న రియల్‌టైమ్ వరల్డ్స్. దాని వెనక ఉన్న డేవిడ్ జోన్స్ అంతకుముందు డీఎంఏ డిజైన్ స్థాపించి లెమింగ్స్, గ్రాండ్ తెఫ్ట్ ఆటో చేసిన మనిషి. ప్రచురించింది మైక్రోసాఫ్ట్. ఆట అమ్ముడుపోతుందో లేదోనన్న టెన్షన్ కాబోలు, మైక్రోసాఫ్ట్ ఒక తాయిలం జోడించింది. క్రాక్‌డౌన్ డిస్క్ ఉన్నవాళ్లకు హేలో 3 అనే ఆట మల్టీప్లేయర్ బీటాలో, అంటే విడుదలకు ముందు ఆడిచూసే నమూనాలో, చోటు. ఆ బీటా 2007 మే నెలలో మొదలైంది. అప్పట్లో హేలో 3 అంటే జనం ఎలా కాచుకుని కూర్చున్నారో తెలిసినవాళ్లకు దీని బరువు వేరే చెప్పనక్కర్లేదు.

ఆట బాగా అమ్ముడుపోయింది. అదే ఏడాది బ్రిటిష్ అకాడమీ వీడియో గేమ్ అవార్డుల్లో యాక్షన్-అడ్వెంచర్, ఆడియో విభాగాల్లో గెలిచింది కూడా. అయితే ఎంతమంది ఆట కోసం కొన్నారు, ఎంతమంది హేలో కోసం కొన్నారు? విడదీసి చెప్పడం ఎవరి తరమూ కాదు. సీక్వెల్ తీయాలంటే మొదటిదాంట్లో జనానికి ఏది నచ్చిందో తెలియాలి. చెట్టు పేరు చెప్పి కాయలమ్మినప్పుడు, కాయ రుచి ఎలా ఉందో అమ్మినవాడికే సరిగా అందదు. మైక్రోసాఫ్ట్ వెంటనే సీక్వెల్ మొదలుపెట్టకపోవడానికి ఈ అయోమయం కూడా ఒక కారణమై ఉంటుందని నా ఊహ. రియల్‌టైమ్ వాళ్లు తర్వాత చెప్పిన మాట మాత్రం స్పష్టంగానే ఉంది: మైక్రోసాఫ్ట్ అడిగేసరికి ఆలస్యమైపోయింది, అప్పటికే మేం వేరే పనుల్లో పడ్డాం. ఆ పనుల్లో పెద్దది ఏపీబీ అనే ఆన్‌లైన్ ఆట.

దాంతో సీక్వెల్ రఫియన్ గేమ్స్ చేతికి వెళ్లింది. అదీ డండీలోనే. మొదటి ఆట మీద పనిచేసినవాళ్లు కొందరు అందులో ఉన్నారు, కానీ స్టూడియో కొత్తది. 2009 జూన్‌లో ఈ3 అనే గేమ్‌ల ప్రదర్శన వేదిక మీద ఆటను ప్రకటించారు. 2010 జులై మొదటివారానికల్లా దుకాణాల్లో ఉంది. రెండు ఆటల మధ్య మూడేళ్లకు పైగా గ్యాప్ కనిపిస్తుంది కాబట్టి బయటివాళ్లు మూడేళ్లు చెక్కారని అనుకుంటారు. నిజానికి అందులో కొంత భాగం ఎవరూ ఏమీ చేయని కాలం. కొత్త ఇల్లు కట్టుకుంటూనే అందులో పెళ్లి చేసినట్టు, రఫియన్ ఒకపక్క స్టూడియోను నిలబెట్టుకుంటూ ఇంకోపక్క ఆట చేయాల్సి వచ్చింది.

ఇలాంటి పరిస్థితిలో ఎవరైనా చేసే పనే వాళ్లూ చేశారు. ఉన్న నగరాన్ని తీసుకున్నారు. జనం మెచ్చుకున్న ఆర్బ్‌లను ఉంచారు. ఇద్దరి ఆటను నలుగురిది చేశారు. ఒకరితో ఒకరు తలపడే మల్టీప్లేయర్‌లో ఏకంగా 16 మందిని దించారు. తెర మీద శత్రువుల గుంపులు పెంచారు. తప్పు జరిగింది వీటిలో కాదు, వీటన్నిటినీ కలిపి కుట్టాల్సిన దారంలో.

27, 9

సీక్వెల్ కథ పదేళ్ల తర్వాత మొదలవుతుంది. పసిఫిక్ సిటీ శిథిలమైపోయింది. ఒక వైరస్ జనాన్ని ఫ్రీక్స్ అనే వికృత జీవులుగా మార్చేసింది. పగలు అవి నేల కింద దాక్కుంటాయి, రాత్రయితే వీధుల నిండా పుట్ట పగిలినట్టు వస్తాయి. పగటిపూట శత్రువు వేరే: కాటలీనా థోర్న్ నడిపే సెల్ అనే తిరుగుబాటు దళం. ఏజెన్సీ దగ్గర ఉన్న పథకం పేరు ప్రాజెక్ట్ సన్‌బర్స్ట్. వినడానికి బాగానే ఉంది.

ఆడటానికి వస్తే పని ఇదీ. ఊరంతా 27 యూనిట్లు ఉంటాయి, సూర్యకాంతిని పీల్చుకునేవి. ఒకదాని దగ్గరికి వెళ్లి, కాపలా ఉన్న సెల్ మనుషులను కాల్చేసి, దాన్ని ఆన్ చేయాలి. మూడు ఆన్ చేస్తే ఫ్రీక్స్ ఉండే గుహ ఎక్కడుందో తెలుస్తుంది. ఆ గుహలోకి దిగితే పై నుంచి ఒక బీకన్, అంటే వెలుగును పేల్చే యంత్రం, జారవిడుస్తారు. అది చార్జ్ అయ్యేదాకా దాన్ని ఫ్రీక్స్ బారిన పడకుండా కాచుకోవాలి. తర్వాత వెలుగు పేలి అన్నీ చస్తాయి. మళ్లీ మూడు యూనిట్లు, మళ్లీ గుహ, మళ్లీ బీకన్. ఇలా తొమ్మిది సార్లు. ఇవి కాక సెల్ ఆక్రమించుకున్న స్థావరాలను విడిపించే పని ఒకటి ఉంటుంది. ఇంతే. ప్రధాన కథంతా ఇంతే.

ఇది బోర్ కొట్టిందని చాలామంది రాశారు. బోర్ ఎందుకు కొట్టిందో చెప్పినవాళ్లు తక్కువ. ఒకే పని పదేపదే చేయించడం నేరమైతే మొదటి ఆటా నేరస్తురాలే. అక్కడా 21 సార్లు చేసింది వెళ్లి నాయకుణ్ణి చంపడమే. తేడా పని సంఖ్యలో లేదు, పని స్వభావంలో ఉంది. నాయకుడి దగ్గరికి *చేరాలి*. బీకన్ దగ్గర *ఉండాలి*. మొదటిది దూకే పని, రెండోది నిలబడే పని. మీ హీరోకి ప్రపంచంలో ఎవరికీ లేని శక్తి ఒకటుంది, అది పైకి దూకడం. సీక్వెల్ తన అతిముఖ్యమైన తొమ్మిది ఘట్టాల్లోనూ ఆ హీరోని నేల కింద, కప్పు ఉన్న గుహలో, ఒక యంత్రం పక్కన కాపలా పెట్టింది.

గుహలో ఆర్బ్‌ల బలం దేనికి పనికొస్తుంది? కాస్త అటూ ఇటూ గెంతడానికి. అంతకు మించి లేదు. దాంతో గొలుసు తెగింది. ఆర్బ్ ఏరుతుంటే హాయిగానే ఉంటుంది, ఆ చప్పుడు ఇప్పటికీ చెవిని లాగుతుంది. కానీ ఏరినది ఎక్కడా ఖర్చు కాదు. ఇంకా ఎక్కువ ఆర్బ్‌లు ఏరడానికి తప్ప.

ఫ్రీక్స్ విషయంలోనూ ఇదే తిరకాసు. తెర మీద అన్ని వందల జీవులను నడిపించడం సాంకేతికంగా చిన్న పనేమీ కాదు, చూడ్డానికీ మొదటి రాత్రి ఒళ్లు జలదరిస్తుంది. రెండో రాత్రి ఒక సంగతి అర్థమవుతుంది. వాటిలో చాలావరకు వీధిలోనే ఉంటాయి. మీరుండేది మేడ మీద. కావాలంటే వాటిని చూస్తూ పైనుంచి పైకే ఊరు దాటిపోవచ్చు. జాంబీ గుంపు భయపెట్టాలంటే ఎదుటివాడు పారిపోలేనివాడై ఉండాలి. పది అడుగులు వేస్తే ఆయాసపడే మామూలు మనిషికి ఆ గుంపు పీడకల. ఇరవై అడుగులు గెంతేవాడికి అది ట్రాఫిక్. కొత్త శత్రువును తెచ్చారు సరే, ఆటగాడు నివాసముండని చోట తెచ్చి దించారు.

ఇక సెల్. దీని మీద నాకు కాస్త కోపమే ఉంది. మొదటి ఆట చివర ఏజెన్సీ ముసుగు తీసేసింది కదా. అంటే ఇప్పుడు ఆటగాడికి నిజం తెలుసు, తను పనిచేసేది ఎవరికో తెలుసు. అలాంటప్పుడు ఏజెన్సీకి ఎదురు తిరిగిన దళం వస్తే? వాళ్లు చెప్పేదే న్యాయం కావచ్చు. తుపాకీ ఎత్తే ముందు ఒక్క క్షణం ఆగేలా చేయొచ్చు. నేల సిద్ధం చేసి, విత్తనం చేతికిచ్చిన కథ అది. సీక్వెల్ దాన్ని అక్కడక్కడ దొరికే ఆడియో రికార్డింగుల్లో పెట్టి వదిలేసింది. అవి వినకపోతే సెల్ అంటే యూనిఫాం వేసుకున్న టార్గెట్లే. 21 మంది నాయకుల చోట ఇప్పుడు ఒక్క థోర్న్ మిగిలింది. వేటాడటానికి మొహాలు లేవు, తెంచడానికి గొలుసు లేదు, పెరుగుతూ పోయే ఆ గెలుపు శాతమూ లేదు.

అదే నగరం అయితే ఏమిటట

ఇప్పుడు ఆ పాత ఫిర్యాదుకు వద్దాం. 2023లో వచ్చిన మార్వెల్స్ స్పైడర్-మ్యాన్ 2 కూడా మళ్లీ మన్‌హాటన్‌లోనే జరిగింది, బ్రూక్లిన్, క్వీన్స్ కలిపారు. అదే ఏడాది జెల్డా సిరీస్‌లో టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్ ఆరేళ్ల కిందటి ఆటలోని హైరూల్ రాజ్యాన్నే మళ్లీ వాడుకుంది. యాకూజా ఆటలైతే కామురోచో అనే చిన్న పేటను ఏళ్ల తరబడి తిప్పి తిప్పి వాడాయి. వీటిని ఎవరూ పాత సరుకని తోసేయలేదు.

తేడా ఏమిటంటే, తెలిసిన చోటికి మళ్లీ వెళ్లినప్పుడు మనకు కొత్త పని ఉండాలి, లేదా వెళ్లే తీరు మారాలి. టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్‌లో వస్తువులను అతికించి బండ్లు, పడవలు, ఎగిరే యంత్రాలు చేసుకోవచ్చు. దాంతో నిన్నటి కొండ ఇవాళ కొత్త ప్రశ్న అవుతుంది. స్పైడర్-మ్యాన్ 2లో సాలెరెక్కలతో తేలిపోతుంటే నది దాటడమే ఒక సరదా. క్రాక్‌డౌన్ 2లో ఎక్కే తీరు మారలేదు, ఎక్కడానికి కారణం పోయింది. మొదటి ఆటలో ఒక కొండ మీది బంగళా నాయకుడి కోట. రెండోదాంట్లో అలాంటి చోట్లు దారిలో తగిలే కట్టడాలు. నగరం అదే అని విసుక్కున్నవాళ్లు నిజానికి విసుక్కున్నది నగరానికి అర్థం పోయినందుకు. కోటలూ నాయకులూ ఉండి ఉంటే ఈ ఫిర్యాదు సగానికి సగం తగ్గేదని నా నమ్మకం.

పైగా కాలం కూడా కలిసిరాలేదు. 2007 ఫిబ్రవరిలో మేడల మీద గెంతడం వింత. ఆ ఏడాది నవంబరులో అసాసిన్స్ క్రీడ్ వచ్చింది. 2009లో ఇన్‌ఫేమస్, ప్రోటోటైప్ నెల తేడాతో దిగాయి, ఆ ఏడాది చివర్లో అసాసిన్స్ క్రీడ్ 2. 2010 మార్చిలో జస్ట్ కాజ్ 2 తాడూ పారాచూటూ ఇచ్చి ఒక పెద్ద ద్వీపదేశాన్ని అప్పగించింది. ప్రోటోటైప్ హీరో గోడ మీద నిలువుగా పరిగెత్తుతాడు. కొంత కాలం ఊరికే పోయిందని పైన చెప్పానే, ఆ మూడేళ్ల గ్యాప్‌లో పక్కవాళ్లందరూ మేడలెక్కేశారు.

శక్తి ఉన్నవాడి కథ మళ్లీ ఎక్కడ మొదలవ్వాలి

సూపర్‌హీరో ఆటల సీక్వెల్‌కు పుట్టుకతో వచ్చే జబ్బు ఒకటుంది. మొదటి ఆట చివర హీరో శిఖరం మీద ఉంటాడు. రెండోది ఎక్కడ మొదలుపెట్టాలి? శిఖరం మీదే ఉంచితే ఎదగడానికి చోటు లేదు. కిందకి తోస్తే, నేను కష్టపడి సంపాదించింది ఏమైందని ఆటగాడు నొచ్చుకుంటాడు.

ఒక్కొక్కరు ఒక్కోలా తప్పించుకున్నారు. ఇన్‌ఫేమస్ 2 (2011) మొదట్లోనే బీస్ట్ అనే రాక్షసుడి చేతిలో హీరో కోల్‌ను ఓడించి, న్యూ మరైస్ అనే కొత్త ఊరికి పంపింది. ఓటమి కళ్లముందే జరిగింది కాబట్టి కొన్ని శక్తులు పోయినా సర్దుకుంటాం. బ్యాట్‌మ్యాన్: ఆర్కమ్ సిటీ తన ముందు ఆటలోని పరికరాలు చాలావరకు హీరో నడుముకే ఉంచి, వాటి మీద కొత్తవి చేర్చింది. నాకు ఈ రెండో పద్ధతే ఇష్టం. ఆటగాణ్ణి నమ్మే పద్ధతి అది.

క్రాక్‌డౌన్ 2 దగ్గర సులువైన సాకు ఉంది: ఏజెంట్లు తయారయ్యే సరుకు, మీరు కొత్త ఏజెంట్, కాబట్టి సున్నా నుంచి మొదలు. తర్కానికి లోటు లేదు. కానీ అదే నగరంలో, అవే మేడల మీద, అవే 500 ఆర్బ్‌లు మళ్లీ ఏరమనడం వేరు సంగతి. మూడేళ్ల కిందట ఇక్కడే నేను ఒక్క గెంతులో దాటిన సందును ఇప్పుడు దాటలేకపోతున్నానంటే అది ఎదుగుదలకు ముందు మెట్టులా అనిపించదు, జ్ఞాపకశక్తి పోయిన మనిషిలా అనిపిస్తుంది. గమ్మత్తయిన రెక్కల సూట్ కూడా చురుకుదనం బాగా పెరిగాక గానీ చేతికి రాదు. ఆటలో నిజంగా కొత్తగా కదిలే పద్ధతి అదొక్కటే. దాన్ని మొదటి గంటలో ఇచ్చి ఉంటే నగరం కొత్తగా కనబడేది. అంతసేపు ఓపిక పట్టనివాళ్లు ఆ సూట్ చూడకుండానే ఆట ఆపేశారు.

ఆర్బ్‌ల్లో కొత్త రకాలూ పెట్టారు. రెనిగేడ్ ఆర్బ్‌లు మనం దగ్గరికెళ్తే పారిపోతాయి, వెంటాడి పట్టుకోవాలి. చాలామందికి ఇవి చిరాకు తెప్పించాయి. నాకు మాత్రం ఆటలోని మంచి ఆలోచనల్లో ఇదొకటి అనిపిస్తుంది. దూకే ఆటకు దూకే శత్రువు కావాలని ఎవరో ఒకరు గుర్తించారన్నమాట. పాపం, ఆ గుర్తింపు ఆర్బ్ దగ్గరే ఆగిపోయింది, శత్రువుల దాకా రాలేదు. ఇంకో రకం ఆన్‌లైన్ ఆర్బ్‌లు. ఇంకొకరితో కలిసి ఆడితే తప్ప దొరకవు. ఒంటరిగా ఆడేవాడు అది కళ్లముందు కనబడుతున్నా తీసుకోలేడు. ఏరుకోవడమే ప్రాణమైన ఆటలో ఇలాంటి తలుపు మూయడం ఎవరి బుర్రకు తట్టిందో గానీ.

నలుగురు కలిస్తే మాత్రం లెక్క మారుతుంది. మ్యాగ్నెట్ గ్రెనేడ్లతో కార్లను ఒకదానికొకటి అంటించి గాల్లో వేలాడదీయడం, ఒకడు హెలికాప్టర్ నడుపుతుంటే మిగతా ముగ్గురూ పట్టుకు వేలాడే పిచ్చి పనులు, మేడ మీంచి ఒకర్నొకరు తోసుకోవడం. రఫియన్ వాళ్ల కష్టం బాగా కనబడేది ఇక్కడే. ఇది ఆటస్థలంలా బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కానీ ఆ సరదా తెచ్చింది మీ ముగ్గురు స్నేహితులు, 27 యూనిట్లు కాదు.

తర్వాత

క్రాక్‌డౌన్ 2 విడుదలకు వారం ముందే రియల్‌టైమ్ వరల్డ్స్ తన ఏపీబీని మార్కెట్లోకి తెచ్చింది. అది నిలబడలేదు. 2010 ఆగస్టులో స్టూడియో అప్పుల్లో మునిగి చేతులెత్తేసింది. సీక్వెల్‌ను కాదని ఎంచుకున్న దారి అలా ముగిసింది. రఫియన్ చాలా ఏళ్లు రకరకాల పనులు చేసుకుంటూ నిలదొక్కుకుంది. 2020లో, ఇప్పుడు గ్రాండ్ తెఫ్ట్ ఆటో ఆటలను తెచ్చే రాక్‌స్టార్ దాన్ని కొని రాక్‌స్టార్ డండీ అని పేరు మార్చింది. గ్రాండ్ తెఫ్ట్ ఆటో పుట్టిన ఊళ్లోనే రాక్‌స్టార్ బోర్డు వెలిసిందన్నమాట.

మూడో క్రాక్‌డౌన్‌ను 2014లో ప్రకటించారు. డేవిడ్ జోన్స్ మళ్లీ తెర మీదకి వచ్చారు. మేడలు ఎక్కడమే కాదు, క్లౌడ్ సర్వర్ల బలంతో వాటిని కూల్చేయొచ్చన్నారు. వాయిదాల మీద వాయిదాలు పడి, ఆ కూల్చివేత ఒక్క మల్టీప్లేయర్ మోడ్‌కే పరిమితమై, 2019 ఫిబ్రవరి 15న ఆట వచ్చింది. సుమో డిజిటల్ అనే స్టూడియో పూర్తిచేసిన ఆ ఆటలో నటుడు టెర్రీ క్రూస్ మొహం ఉంది, కొత్త నగరం ఉంది, అన్నిటికన్నా ముఖ్యంగా నాయకులు తిరిగొచ్చారు. కింది వాళ్లను కూలిస్తే పైవాళ్లు బలహీనపడే ఆ పాత గొలుసు మళ్లీ కనబడింది. రెండోదాంట్లో ఏం పోయిందో సిరీస్‌కే తెలుసని దీన్నిబట్టి అర్థమవుతుంది. కాకపోతే తొమ్మిదేళ్లు ఆలస్యంగా తెలిసింది. 2007 నాటి ఆలోచనను 2019లో చూసి జనం పెదవి విరిచారు, మార్కులు 60 దగ్గర ఆగాయి.

పాత రెండు ఆటలూ తర్వాతి తరం ఎక్స్‌బాక్స్‌ల మీద కూడా నడుస్తాయి. ఒక్కరే ఆడేటట్టయితే మొదటిది పెట్టుకోండి. ముగ్గురు స్నేహితులు దొరికితే రెండోది కూడా ఒక సాయంత్రానికి బాగుంటుంది. అందులో చీకటి పడగానే వీధుల్లోంచి పెద్ద గోల వినబడుతుంది, కంగారుపడకండి. మేడ మీదే ఉండిపోండి, మీరు కిందకి దిగాల్సిన పనేమీ ఉండదు.